ఒక నిమిషం నలభై ఏడు సెకన్లు

నవ్వు వచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కున్నాను. అయినా ఆగలేదు. చచ్చిపోయిన మనిషి చివరిగా చెయ్యి పెట్టిన రీలు చూస్తూ కిసుక్కున నవ్వాను.

తెర మీద ఒక వితంతువు బల్ల ముందు కూర్చుని ఉంది. వెనక వయొలిన్లు సన్నగా, గొంతు నొక్కుకుని ఏడ్చినట్టు మోగుతున్నాయి. ఆమె సూప్ గిన్నెలో చెంచా ముంచింది. నోటి దాకా తెచ్చింది. సరిగ్గా అప్పుడు పెద్ద డ్రమ్ము మీద ఒకే ఒక్క దెబ్బ పడింది.

ఆ సూపులో ఆమె పన్ను ఊడి పడిందేమో అన్నట్టు ఉంది.

"అందుకేనమ్మాయీ, రీలు వెయ్యనన్నాను," అన్నాడు గవీనో. మీటలున్న పెద్ద బల్ల వెనక కూర్చుని, మాటలనీ సంగీతాన్నీ చప్పుళ్ళనీ కలిపి సినిమాకి అతికించడం ఆయన పని. ఈ స్టూడియోలో పాతికేళ్ళుగా అదే పని. ఆ క్షణాన ఆయన నా ముఖం చూడలేకపోయాడు.

చేతిగడియారం చూసుకున్నాను. గురువారం, మధ్యాహ్నం రెండూ పది.

మంగళవారం సాయంత్రం ఏడూ ఇరవైకి ఇదే రీలు, సినిమాలో అయిదోది, ఇదే హాల్లో వేశారు. ఏడూ యాభైకి ఎడిటర్ ఇనెస్ బార్దెల్లి మూడో అంతస్తు మెట్ల కింద మెడ విరిగి పడి ఉంది. ఆ మధ్యలో సంగీత దర్శకుడు నెవియో కలాంద్రి ఆమె గదికి పరుగెత్తి, "నా సంగీతాన్ని నరికినదాన్ని మెట్ల మీంచి తోసినా పాపం లేదు!" అని భవనం అంతా వినబడేలా అరిచాడు. పోలీసులకి ఆ ఒక్క మాటా చాలింది. అరవై ఆరేళ్ళ మనిషిని, గుండె జబ్బు మనిషిని, చొక్కా కాలరు పట్టుకుని కారులోకి తోశారు. ఇవాళ సాయంత్రం ఆరింటికి మేజిస్ట్రేటు సంతకం పెడతాడు. ఆ తరవాత నది పక్కన పెద్ద జైలే.

"అక్కడికి వెళ్ళాక నాన్న తిరిగి రాడు, ఆగ్నెసే," అంది ఆయన కూతురు మారిలేనా పొద్దున. అని, కూపీలు లాగడమే నా వృత్తి గనక కేసు నాకప్పగించి, ఆయన స్వయంగా రాసుకున్న స్వరాల కట్ట నా చేతిలో పెట్టింది. ఇంట్లో పోలీసులు వదిలిపెట్టిన కాగితం అదొక్కటేనట.

"ఆ రోజు మీరూ నవ్వారా?" అని అడిగాను గవీనోని.

ఆయన ఒక మీటని ఊరికే పైకీ కిందికీ జరిపాడు.

"పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలంలో నవ్వు సంగతి లేదు. 'మాస్టారు ఉన్నట్టుండి లేచి అరిచాడు' అని ఉంది. ఊరికే ఎవరైనా లేచి అరుస్తారా?"

"ఎలా చెప్పమంటావు తల్లీ?" అన్నాడాయన. "అందరం నవ్వాం. డైరెక్టరు నవ్వాడు, నేను నవ్వాను, నా ఇద్దరు మనుషులూ నవ్వారు. ఒకరిని చూసి ఒకరం పడీ పడీ నవ్వాం. ముసలాయన లేచి నిలబడి ఏడుస్తున్నట్టు అరుస్తుంటే కూడా మాకు నవ్వు ఆగలేదు. అరగంట తిరిగేసరికి ఆ పిల్ల చచ్చిపోయింది. ఆయన చేతికి బేడీలు. మేం నవ్వామని ఏ నోటితో చెబుతాం? నలుగురం ఒట్టు వేసుకున్నాం, బయటికి చెప్పకూడదని."

నాకు చెవులు వేడెక్కాయి. కోపం వస్తే నాకు మాట రాదు, చిన్నప్పట్నించీ అంతే. చెవులే మండుతాయి. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చినా వీళ్ళకి వీళ్ళ సిగ్గే ఎక్కువైంది.

పుస్తకం తీసి రాసుకున్నాను. గట్టిగా రాసుకున్నాను.

"ఆ దెబ్బ అక్కడ ఎందుకు పడింది?"

"సోమవారం దాకా బాగానే ఉంది. మంగళవారం పొద్దున నిర్మాత రోవాతి గారు ఫోన్ చేసి, ఆ సీనులో తొమ్మిది సెకన్లు తీసెయ్యమన్నారట. ఇనెస్ తీసేసింది. సంగీతం మాత్రం పాత కొలతకే ఉంది. అరవై మంది వాయించినది, గుడ్డ కుట్టినట్టు లాగి కుడితే సరిపోతుందా? బొమ్మ తొమ్మిది సెకన్లు ముందుకొచ్చింది. దెబ్బ పడాల్సిన చోటు పోయింది. పోయి చెంచా మీద పడింది."

"ఇనెస్‌కి ఆ సంగతి తెలియదా?"

"ఎందుకు తెలియదు? ఫ్రేము ఫ్రేమూ లెక్క చూసుకునే మనిషి. 'సంగీతం సరిచేసి పంపు' అంటే, 'ఇలాగే వెయ్యి, అందరూ వినాలి' అంది. మాస్టారంటే కోపమేమో అనుకున్నాను. అరుపులయ్యాక ఏడూ ఇరవై ఎనిమిదికి సంగీతం టేపు ఆమె గదికి పంపాను, ఇప్పటికైనా చూడమని. మర్నాడు అక్కడి నించే తెచ్చాం."

"నిర్మాత ఆ సమయంలో ఎక్కడున్నాడు?"

"ఇక్కడే. ఏడింటి నించీ చివరి వరసలో."

"చూశారా?"

గవీనో తల గోక్కున్నాడు. "కోటు చూశాను. సీటు మీద ఉంది. నేను బల్ల వదిలి వెనక్కి తిరగనుగా. కింద కేక విని దీపాలు వేసేసరికి ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు."

రెండూ ముప్ఫై అయిదుకి మొదటి అంతస్తులో అకిల్లే రోవాతి ఎదురుగా కూర్చున్నాను. ఆయన కాఫీ తాగుతున్నాడు. నాకు ఇవ్వలేదు. గొర్రెబొచ్చు కాలరున్న ఒంటె రంగు కోటు కుర్చీ వీపుకి తగిలించి ఉంది.

"పది నిమిషాలిస్తాను, అమ్మాయీ. అది కూడా మారిలేనా ముఖం చూసి."

"మంగళవారం ఏడింటి నించి ఏడూ యాభై దాకా హాల్లోనే ఉన్నారు."

"పోలీసులకి చెప్పాను."

"అయిదో రీలు వేసినప్పుడు సంగీతం ఎలా ఉంది?"

ఆయన కప్పు కింద పెట్టాడు. ముఖం మీద విషాదం తెచ్చుకున్నాడు. "ముప్ఫై సినిమాలు తీశాను. ఇలాంటి సంగీతం వినలేదు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయంటే నమ్ముతావా? హాలంతా సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆ ముసలాడు లేచి పిచ్చెక్కినట్టు కేకలు!"

"సూది పడితే వినబడేంత."

"అదే అన్నాను. రాసుకో."

రాసుకున్నాను. పెన్సిల్ ముల్లు విరిగింది. ఇంకో పెన్సిల్ తీశాను.

"అంత బాగుంటే ఎందుకు తీసేస్తున్నారు? కొత్త సంగీతం చేయిస్తున్నారట."

"హంతకుడి పేరు తెర మీద వెయ్యమంటావా? మిలాన్ నించి వేరే అతను వస్తున్నాడు. నాలుగింటికి వ్యాను వస్తుంది, పాత టేపులన్నీ పోతాయి. చెరిపేసి మళ్ళీ వాడుకుంటారు. అంతా అయిపోయిన సంగతి."

"ఆ తొమ్మిది సెకన్లు ఎందుకు తీయించారు?"

"సాగుతోంది."

"తొమ్మిది సెకన్లేనా?"

"అమ్మాయీ, నిర్మాతకి విసుగు పుట్టడానికి తొమ్మిది సెకన్లు చాలు." నవ్వాడు. గడియారం చూసుకున్నాడు. "నువ్వయితే ఎనిమిది నిమిషాల నించీ పుట్టిస్తున్నావు."

లేచి వచ్చేశాను. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఆ మనిషి హాల్లో లేడు. ఉన్నవాడెవడూ ఆ మాట అనలేడు. పాపం, ఆయనకి ఆ నవ్వు సంగతి ఎవరూ చెప్పలేదు. ముసలాయన అరిచాడని మాత్రం చెప్పారు.

కానీ ఎందుకు? తొమ్మిది సెకన్ల బొమ్మ కోసం ఒక మనిషిని ఎవరైనా మెట్ల మీంచి తోస్తారా?

మూడో అంతస్తు. ఇనెస్ గది. తలుపుకి పోలీసుల ముద్ర కూడా లేదు. కేసు తేలిపోయిందిగా మరి.

గోడ పక్కన మేకుల వరస, ఒక్కో మేకుకీ ఒక్కో ఫిల్ము ముక్క, కింద గుడ్డ తొట్టి. సినిమాలో పనికిరాని ముక్కలన్నీ అలా వేలాడుతుంటాయి. ప్రతి మేకు మీదా ఇనెస్ చిన్న అక్షరాలతో అంకెలు రాసింది. ఒక్క మేకే ఖాళీ. దాని కింద ఆమె రాత: "అయిదో రీలు. 216 ఫ్రేములు."

సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు. తొమ్మిది సెకన్లు. రెండు వందల పదహారు.

బల్ల మీద ఆమె పని పుస్తకం తెరిచే ఉంది. చివరి పేజీలో మూడు వాక్యాలు. "అయిదో రీలులో 216 తీశాను. చెప్పినది నిర్మాత. కారణం అడిగితే చెప్పలేదు, ముక్క తనకే ఇమ్మన్నాడు, నెగెటివ్ కూడా తెప్పించుకున్నాడు."

"ఏవమ్మా, నీ కోసం తలుపే కాదు, కిటికీలు కూడా తెరిచి ఉంచాను, గాలి వస్తోందా?"

ఇన్‌స్పెక్టర్ బ్రుస్కీ. ద్వారానికి ఆనుకుని, ఉప్పునీళ్ళలో నానబెట్టిన గింజలు పొట్లంలోంచి తింటున్నాడు. కిందటేడు కూడా మేమిద్దరం ఒక కేసులో ఎదురుపడ్డాం. అప్పుడు నాదే పైచెయ్యి అయింది. అది అతను మర్చిపోలేదు.

"ఈ పుస్తకం చదివారా?" అన్నాను.

"కత్తిరింపుల పద్దు కదా? నా భార్య దర్జీ పని చేస్తుంది, ఇంట్లో ఇలాంటివి బోలెడు."

"రోవాతి హాల్లో లేడు."

"నలుగురు సాక్షులు ఉన్నాడన్నారు."

"గవీనో చూసింది సీటు మీది కోటునే, మనిషిని కాదు. దెబ్బ చెంచా మీద పడితే హాలంతా నవ్వింది. రోవాతి మాత్రం కళ్ళ నీళ్ళు తిరిగాయంటున్నాడు. సూది పడితే వినబడేదంటున్నాడు."

బ్రుస్కీ నమలడం ఆపాడు. ఒక్క క్షణమే. "నవ్వు. బాగుంది. నవ్వుని తీసుకొచ్చి మేజిస్ట్రేటు గారి ముందు నిలబెట్టి ప్రమాణం చేయిస్తావా? ఆయన సున్నిత హృదయుడమ్మా, పక్కవాళ్ళు నవ్వుతుంటే తను ఏడ్చాడు. అయిపోయింది. నా దగ్గర ఏముంది? బెదిరింపు ఉంది. మెట్లు అన్నాడు, మెట్ల కిందే చచ్చింది. ముసలాడు ఏడూ ముప్ఫై రెండుకి బయటికి పోయాడని కాపలా ఆవిడ చెప్పింది. వెనక మెట్ల నించి తిరిగి రాలేదని ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

చెవులు భగ్గున మండాయి. నోట్లో మాట గడ్డ కట్టింది. అతనికి నా బలహీనత తెలుసు, అందుకే ఆగి చూస్తున్నాడు.

మాట రానప్పుడు నేను కళ్ళని పనిలో పెడతాను. బల్ల కింద చెత్త బుట్ట. అందులో కాగితాలు, సిగరెట్ పీకలు, చుట్ట చుట్టిన ఒక ఫిల్ము ముక్క. తీసి వెలుతురుకి పట్టాను. పళ్ళపొడి ప్రకటన, ఎప్పటిదో. ఒక ఆడమనిషి పళ్ళన్నీ చూపిస్తోంది.

"బుట్టలో ఇది ఎవరు వేశారు?"

"మావాళ్ళే. బల్ల మీద పడి ఉంది. పళ్ళపొడి కూడా సాక్ష్యమేనా?"

చేతులు చాచి కొలిచాను. రెండు బారల మీద ఒక మూర. మళ్ళీ కొలిచాను. తరవాత ఒక మూరలో ఫ్రేములు లెక్కపెట్టి గుణించాను. రెండు వందల పదిహేనో పదహారో.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాను. "సంగీతం టేపులో సంగీతం లేని చోట ఏముంటుందో తెలుసా?"

"ఏముంటుంది? ఖాళీ."

"ఈ టేపు కూడా ఫిల్మంత వెడల్పే, అంచున కన్నాలతో; అందులో ఖాళీ ఉండదు. ఖాళీ వదిలితే బొమ్మతో కలవదు. అందుకని సంగీతం మొదలయ్యే దాకా ఏదో ఒక పాత ఫిల్ము అతికిస్తారు, చెత్తది, పళ్ళపొడిది. యంత్రంలో అది శబ్దం చెయ్యకుండా తిరుగుతుంది. దాన్ని ఎవరూ చూడరు. సరిగ్గా రెండు వందల పదహారు ఫ్రేముల చెత్తని చచ్చిపోయే ముందు ఇనెస్ ఎందుకు కోసి బయటికి తీసింది? సంగీతాన్ని ముట్టుకోలేదు, చెత్తని కోసింది."

బ్రుస్కీ పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే మెట్ల మీద దబదబా అడుగులు.

"నా సినిమా వెయ్యమని నీకెవరు చెప్పారు?" డైరెక్టరు తుల్లియో మార్కెసాన్, బక్కపల్చటి మనిషి, మఫ్లరు సగం ఊడి వేలాడుతోంది. "గవీనో ఏడుస్తున్నాడు అక్కడ! ఇనెస్ పోయిందన్న బాధ చాలదా, మళ్ళీ ఆ రీలు వేసి నవ్వుతావా? సిగ్గుండాలి!"

"సిగ్గు మీకుండాలి," అన్నాను.

అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. బ్రుస్కీ కూడా కనుబొమలెత్తాడు.

"నవ్విన సంగతి దాచి, ఒక ముసలాయన్ని బోనులోకి పంపారు. ఆయనెందుకు అరిచాడో మీలో ఒక్కరైనా అడిగారా? మీ సినిమాకే కదా ఆయన రాసింది. ఇదిగో, చూడండి."

మారిలేనా ఇచ్చిన కట్ట విప్పి బల్ల మీద పరిచాను. మాస్టారు ప్రతి గీత పైనా పెన్సిల్‌తో సమయం వేసి, ఆ సమయానికి బొమ్మలో ఏం జరుగుతోందో రాసుకున్నాడు. ఆయన పద్ధతి అది. మూవియోలా మీద, అంటే చిన్న తెర ఉన్న ఎడిటింగు యంత్రం మీద, బొమ్మని మాటా పలుకూ లేకుండా వంద సార్లు తిప్పి చూస్తే గాని ఒక్క స్వరం రాయడు. పొద్దున నించీ అవన్నీ చదివాను. సినిమా కథ నాకు తెలియదు గనక, అన్నీ కథలోవే అనుకున్నాను.

గట్టిగా చదివాను. "ఒకటి ఇరవై రెండు, వితంతువు తలుపు మూస్తుంది. ఒకటి నలభై ఒకటి, కిటికీ వైపు చూస్తుంది. ఒకటి నలభై ఏడు, కిటికీ అవతల మనిషి పడతాడు. పెద్ద డ్రమ్ము, ఒక్కటే దెబ్బ. ఒకటి యాభై ఆరు, సూప్ చెంచా. నిశ్శబ్దం." తలెత్తాను. "పక్కన ఇంకో మాట కూడా రాశాడు. 'తుల్లియో ఎంత గొప్పవాడు, చెప్పకుండా చూపించాడు' అని. చెంచా దగ్గర నిశ్శబ్దం రాసిన మనిషికి, చెంచా మీద డ్రమ్ము వినిపించారు. అరవడా?"

మార్కెసాన్ ముఖంలో రంగు పోయింది.

"మళ్ళీ చదువు."

"ఒకటి నలభై ఏడు. కిటికీ అవతల మనిషి పడతాడు."

"నా సినిమాలో ఎవరూ పడరు," అన్నాడు మెల్లగా.

కింద వీధిలో ఏదో స్కూటరు వెళ్ళింది.

"ఆమె కిటికీ వైపు చూస్తుంది, అంతే. అవతల ఎదురు భవనం, దానికి పరంజా, మా లైట్లు. దూరంగా, మసకగా. అక్కడ ఏదీ జరగదు. నేనేం పెట్టలేదు." కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "సాబాతినో..."

"ఎవరు?"

"మా లైట్ల మనిషి. నవంబరులో, ఈ సీను తీసిన విల్లాలో, పరంజా మీంచి పడి చచ్చిపోయాడు. ఆదివారం, షూటింగు లేని రోజు, తాగి ఎక్కాడని అకిల్లే చెప్పాడు. పోలీసులకీ అదే రాసిచ్చాడు."

"ఈ సీను ఎప్పుడు తీశారు?"

"శనివారం. మధ్యాహ్నం మూడింటికి." చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఆ రోజు తాడు లేకుండా ఎక్కనన్నాడట వాడు. అకిల్లే బయట ఉండి చూసుకుంటానన్నాడు. నేను మైకు పెట్టనుగా, మాటలన్నీ తరవాత స్టూడియోలో కలుపుతాం, తీస్తున్నంతసేపూ ఆమెకి పక్క నించి అరుస్తూనే ఉంటాను, ఇటు తిరుగు, అటు చూడు అని. బయట ఎవడు పడ్డా నాకెక్కడ వినబడుతుంది?"

"తాగి పడ్డాడని సంతకం పెట్టారు," అన్నాడు బ్రుస్కీ. ఇంతసేపట్లో అతని గొంతులో మొదటిసారి వెటకారం లేదు. "నేనే పెట్టాను. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది."

అతనికేసి చూశాను. నా కోపం సగం అతని మీదే ఉంది. అతనికీ సగం తన మీదే ఉన్నట్టుంది.

మూడూ ఇరవై అయిదు. గవీనో వ్యాను కోసం కట్టిన డబ్బా తాడు కోసి, అయిదో రీలు సంగీతం టేపు పైకి తెచ్చాడు. మూవియోలా బల్ల మీద చేత్తో విప్పుకుంటూ వెళ్ళాను. మొదట అంతా పళ్ళపొడి. పళ్ళు, పళ్ళు, పళ్ళు. తరవాత కొత్తగా అతికించిన జాయింటు, జిగురు పట్టీ ఇంకా మెరుస్తోంది. దాని వెనక బల్ల ముందు కూర్చున్న వితంతువు.

ముసలాయన వచ్చి అరిచి వెళ్ళాక, ఏడూ ముప్ఫై రెండు దాటాక, ఇనెస్ ఇక్కడ కూర్చుని ఈ ముక్కని దాచింది. ముక్క తనకివ్వమని రోవాతి వస్తాడని ఆమెకి తెలుసు. ఎక్కడ పెడితే ఎవరూ చూడరో కూడా తెలుసు. అతను వచ్చాడు, ఆమె ఇవ్వలేదు, మెట్ల దగ్గర తోసేశాడు. చెంచా మీద దెబ్బ అలా ఉండనిచ్చింది, ఇక్కడేదో పోయిందని అందరికీ వినబడాలని. మేమందరం నవ్వాం.

ముక్క ఒకటి నలభై ఒకటిలో మొదలు. దెబ్బ ఒకటి నలభై ఏడులో. ఆరు సెకన్లు. ఆరు ఇరవై నాలుగులు నూట నలభై నాలుగు. వేలితో లెక్కపెట్టాను. నూట నలభై నాలుగో ఫ్రేము మీద భూతద్దం పెట్టాను.

కిటికీ. ఎదురు గోడ. పరంజా. గాలిలో ఒక మనిషి, తలకిందులుగా, చేతులు రెండూ దేన్నో పట్టుకోబోయినట్టు.

భూతద్దం బ్రుస్కీకి ఇచ్చాను. చాలాసేపు చూశాడు.

"ఇంకా ముందు ఫ్రేములు చూడండి," అన్నాను. "కింద, ఎడమ మూల."

పరంజా కింద ఒకడు నిలబడి ఉన్నాడు. ముఖం తెలియదు. చెయ్యి పైకెత్తి, ఇంకా పైకి, ఇంకా పైకి అని చూపిస్తున్నాడు. ఒంటి మీద గొర్రెబొచ్చు కాలరు కోటు. మార్కెసాన్ అది చూసి, "మా యూనిట్ మొత్తంలో అలాంటిది ఒక్కటే," అన్నాడు.

బ్రుస్కీ గుమ్మంలోకి వెళ్ళి కింద ఉన్న తన మనిషిని కేకేశాడు. "మేజిస్ట్రేటు గారి ఆఫీసుకి ఫోన్ చెయ్యి! ఆరింటి సంతకం ఆపమను. నేను చెప్పానని చెప్పు. ఎందుకూ అంటే, నేను గాడిదనని చెప్పు."

మూడూ యాభైకి రోవాతి వచ్చాడు. వెనక వ్యాను మనిషి. కోటు భుజాల మీద వేసుకుని ఉన్నాడు.

"ఒక డబ్బా తక్కువైందంటున్నాడు ఇతను. ఏమిటీ సభ? తుల్లియో, నువ్విక్కడ ఏం చేస్తున్నావు?"

"మీ గురించే మాట్లాడుకుంటున్నాం, రోవాతి గారూ," అన్నాడు బ్రుస్కీ, ఎంతో మర్యాదగా. "చిన్న అనుమానం. మంగళవారం అయిదో రీలు వేసినప్పుడు హాలు ఎలా ఉంది?"

"ఎన్నిసార్లు చెప్పను? ఈ అమ్మాయి రాసుకుంది కూడా. నిశ్శబ్దం. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి."

మార్కెసాన్ లేచి నిలబడ్డాడు. "పగలబడి నవ్వాం అకిల్లే. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. గోడలు అదిరాయి. నువ్వు వినలేదా?"

రోవాతి నోరు తెరిచాడు. గవీనోని చూశాడు. గవీనో తల దించుకోలేదు.

"నేను... బయటికి ఒక్క క్షణం..." అప్పుడు ఆయన చూపు మూవియోలా మీద పడింది. బల్ల దగ్గరికి రెండంగల్లో వచ్చాడు. "ఆ టేపు నాది. ఇలా ఇవ్వండి. వ్యాను ఆగి ఉంది."

బ్రుస్కీ అడ్డంగా నిలబడ్డాడు. నేను కుర్చీ లాగి రోవాతి ముందు పెట్టాను. చెవులు మండుతున్నాయి గాని ఈసారి మాట ఆగలేదు.

"కూర్చోండి. తొమ్మిది సెకన్లే. మీకు విసుగు పుట్టేలోపు అయిపోతుంది."

గవీనో ఆ ముక్కని బొమ్మ వైపు ఎక్కించాడు. సంగీతం టేపుని ఒకటి నలభై ఒకటి దగ్గరికి తిప్పి ఆపాడు. నాకేసి చూశాడు. తలూపాను.

వయొలిన్లు సన్నగా మొదలయ్యాయి. అరచేతంత తెర మీద వితంతువు కిటికీ వైపు తల తిప్పింది. అద్దం అవతల ఎండ. ఎదురు గోడ. పరంజా కింద ఒక చెయ్యి, పైకి, ఇంకా పైకి.

కిటికీ అవతల సాబాతినో పడ్డాడు. డ్రమ్ము దెబ్బ పడింది.

ఎవరూ నవ్వలేదు.